ఒకటి పెరిగితే పదింతలు

గుడివాడ, కైకలూరు వైపు చేపల చెరువుల్లో తెల్లవారుజామున నీటి పీహెచ్ 8 ఉండి, ఎండ ముదిరిన మధ్యాహ్నానికి 9కి చేరడం వింతేమీ కాదు. నీరు పచ్చగా చిక్కబడిన చెరువులో నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, దాంతో నీటిలో ఆమ్లగుణం తగ్గి పీహెచ్ పైకి పోతుంది. రాత్రికి మళ్లీ దిగుతుంది. ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా ఒకటే కదా అనిపిస్తుంది. ఆ ఒకటి ఎంత పని చేస్తుందో అమ్మోనియా లెక్క చూస్తే తెలుస్తుంది. చేపల విసర్జనల నుంచీ, కుళ్లిన మేత నుంచీ నీటిలో చేరే అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకు పెద్దగా హాని చెయ్యదు. రెండోది మొప్పల గుండా ఒంట్లోకి చొరబడే విషం. మంచినీరు 30 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు, పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8 దగ్గర ఏడున్నర పాళ్లు ఉంటుంది. 9 దగ్గర దాదాపు 45 పాళ్లు. అంటే చెరువులోకి కొత్తగా అమ్మోనియా ఏమీ చేరకపోయినా, పొద్దున ఉన్న విషం మధ్యాహ్నానికి ఆరింతలైంది. పొద్దున్నే నీళ్లు పరీక్ష చేయించి ‘అమ్మోనియా పర్వాలేదు’ అనుకున్న రైతు లెక్క మధ్యాహ్నానికి చెల్లదు.

కృష్ణా డెల్టా దిగువ కొసన, మచిలీపట్నం నుంచి దివిసీమ దాకా, జనం బతుకునూ ప్రాణాన్నీ కాచే కొలతల్లో చాలావాటిది ఇదే స్వభావం. చెరువు నీటి పీహెచ్, రొయ్య పిల్లల వ్యాధి పరీక్షలో వచ్చే సీటీ, తుపాను రాడార్ చూపే డీబీజెడ్, భూకంప తీవ్రత, వరద ఎన్నేళ్లకోసారి వస్తుందన్న అంచనా ఇవన్నీ పైకి కూడికల అంకెల్లా కనిపిస్తాయి. లోపల జరిగేది గుణకారం. కూడికగా చదివినవాడు ప్రతిసారీ ఒకే వైపుకు, అంటే ప్రమాదాన్ని తక్కువ చేసే వైపుకు తప్పుతాడు. అందుకే ఈ అంకెలు ప్రకటించే ప్రతి చోటా, ల్యాబు రిపోర్టులో గానీ వాతావరణ హెచ్చరికలో గానీ పత్రికల్లో గానీ, అంకె పక్కనే ‘ఎన్ని రెట్లు’ అన్నది కూడా రాయాలని నా వాదన. దానికి ఖర్చేమీ లేదు. రాయకపోతే కలిగే నష్టం మాత్రం లెక్క కట్టదగినదే.

బళ్లో దీన్ని సంవర్గమానం అన్నారు, కాలేజీకి వచ్చేసరికి లాగరిథం అయింది. పరీక్ష రాయగానే చాలామంది మర్చిపోయారు. విషయం మాత్రం చిన్నది. పదిని ఎన్నిసార్లు వేసి గుణిస్తే ఒక సంఖ్య వస్తుందో, ఆ ‘ఎన్నిసార్లు’ దాని లాగరిథం. వందకు రెండు, వెయ్యికి మూడు, లక్షకు ఐదు, కోటికి ఏడు. ఇది కేవలం పాశ్చాత్యుల ఊహ అనుకోనక్కర్లేదు. తొమ్మిదో శతాబ్దంలో జైన పండితుడు వీరసేనుడు ధవళా వ్యాఖ్యలో ‘అర్ధచ్ఛేదం’ అనే భావం వాడాడు. ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేయవచ్చన్నదే అర్ధచ్ఛేదం, మనం నేడు రెండు ఆధారంగా చెప్పే లాగరిథం. 1614లో స్కాట్లాండ్‌లో జాన్ నేపియర్ పట్టికలు ప్రచురించాక అది లెక్కలు చేసే పనిముట్టయింది. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సన్ దాన్నే నీటి ఆమ్లగుణం కొలవడానికి వాడాడు. తటస్థమైన నీటిలో హైడ్రోజన్ అయాన్లు లీటరుకు ఒక మోల్‌లో కోటో వంతు ఉంటాయి. కోటికి సున్నాలు ఏడు గనుక పీహెచ్ 7. పది కోట్లలో ఒక వంతైతే 8. నూరు కోట్లలో ఒక వంతైతే 9. ఇన్నేసి సున్నాలు మోయలేక ఆయన సున్నాలను లెక్కపెట్టి ఊరుకున్నాడు. అందువల్లే ఆమ్లం తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది, ప్రతి అడుగూ పదింతలవుతుంది.

సున్నాలు మోయలేని చోటు మచిలీపట్నంలోనే ఇంకొకటి ఉంది. వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ అక్కడ 2004 నుంచి బంగాళాఖాతం మీద మేఘాలను గమనిస్తోంది. రాడార్ పంపిన తరంగం వానచినుకులకు తగిలి వెనక్కి వస్తుంది. వచ్చినదాని బలాన్ని డీబీజెడ్ అనే కొలమానంలో రంగులుగా చూపుతారు. తుపాను రోజుల్లో టీవీలోనూ ఫోన్లలోనూ తిరిగే నీలం, పసుపు, ఎరుపు మచ్చల పటాలు అవే. చినుకు వ్యాసం మూడింతలైతే రాడార్‌కు తిరిగొచ్చే బలం మూడింతలు కాదు, 729 ఇంతలవుతుంది, ఎందుకంటే అది వ్యాసాన్ని ఆరుసార్లు వేసి గుణించినట్టు పెరుగుతుంది. సన్నటి తుంపర నుంచి వడగళ్ల దాకా చూపాలంటే ఒకటి నుంచి పది లక్షల దాకా పోయే కొలత కావాలి. దాన్ని సున్నా నుంచి 60 లోపుకు కుదించేది లాగరిథం. 1948లో మార్షల్, పామర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇచ్చిన సూత్రం ప్రకారం 23 డీబీజెడ్ అంటే గంటకు సుమారు ఒక మిల్లీమీటరు వాన. 39 అంటే పది మిల్లీమీటర్లు. 55 అంటే వంద. గుర్తుపెట్టుకోవడానికి తేలికైన లెక్క ఇందులోనే ఉంది. పదహారు కలిస్తే వాన పదింతలు. 25తో పోలిస్తే 50 రెట్టింపు వాన అనుకున్నవాడు దివిసీమ పొలాల్లో పడబోయే నీటిని దాదాపు పద్దెనిమిదో వంతుకు తగ్గించి అంచనా వేస్తాడు.

ఈ కొలతల్లో ఇంకో ఉచ్చు సగటు దగ్గర ఉంటుంది. ఒక ఊరి మీద సగం భాగాన 20 డీబీజెడ్, సగం భాగాన 50 ఉన్నాయనుకుందాం. రెండూ కలిపి రెండుతో భాగిస్తే 35 వస్తుంది, అంటే గంటకు ఐదున్నర మిల్లీమీటర్ల వాన. నిజంగా పడేది అది కాదు. సగం ఊరి మీద మిల్లీమీటరులో మూడింట రెండొంతులు, మిగతా సగం మీద 48 మిల్లీమీటర్ల పైన పడుతోంది. నిజమైన సగటు గంటకు 24 మిల్లీమీటర్లు దాటుతుంది. లాగరిథం అంకెలను అలాగే సగటు చేస్తే వాన నాలుగో వంతుకు పడిపోయింది. పీహెచ్ లాంటి ఏ లాగ్ అంకెకైనా ఇదే నియమం: ముందు మామూలు అంకెలోకి విప్పాలి, ఆ తర్వాతే సగటు తియ్యాలి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. మార్షల్, పామర్ల సూత్రం అన్ని వానలకూ ఒకేలా వర్తించదు. ఉష్ణమండల సముద్రం మీద నుంచి వచ్చే మేఘాల్లో చిన్న చినుకులు లెక్కకు మించి ఉంటాయి. అటువంటి వానలో అదే 50 డీబీజెడ్‌కు ఆ సూత్రం చెప్పినదానికి రెండు మూడింతల వాన పడవచ్చు. శాస్త్రజ్ఞులు అలాంటి మేఘాలకు వేరే సూత్రం వాడతారు. అంటే తుపాను వేళ తప్పు మళ్లీ తక్కువ వైపుకే.

ఈ కొలతలు లాగరిథంలోనే ఎందుకుండాలి, మామూలుగా చెప్పకూడదా అని ఎవరైనా అడగవచ్చు. సున్నాల బరువు ఒక కారణమే, కానీ అసలు కారణం కాదు. వెనుక పనిచేసే శక్తి గుణకారంలో పనిచేస్తున్నప్పుడు కొలత కూడా గుణకారంలో ఉంటేనే దాని నడక కనిపిస్తుంది. రొయ్యల చెరువును పట్టుకునే విబ్రియో బ్యాక్టీరియానే తీసుకోండి. అనువైన వేడి, మేత దొరికితే అరగంటలోపే ఒకటి రెండవుతుంది. అరగంటకోసారి రెట్టింపైనా ఐదు గంటల్లో పది రెట్టింపులు, అంటే వెయ్యి ఇంతలు దాటుతుంది. మామూలు గ్రాఫు మీద ఈ పెరుగుదల చాలాసేపు నేలను అంటుకున్నట్టే ఉండి, చివర్లో ఉన్నపళంగా నిటారుగా లేస్తుంది. చూసినవాడికి రాత్రికి రాత్రే ఏదో జరిగినట్టుంటుంది. లాగ్ గ్రాఫు మీద అదే పెరుగుదల మొదటి గంట నుంచీ ఒకే వాలులో సాగే గీత. ఆ గీతకు పగ్గం వెయ్యదలచిన రైతు ఎప్పుడు మేల్కోవాలో ఆ గ్రాఫే చెబుతుంది.

సీటీ అంకె ఇంకా స్పష్టమైన ఉదాహరణ. హేచరీ నుంచి తెచ్చే వనామీ రొయ్య సీడుకు తెల్లమచ్చల వైరస్ ఉందో లేదో, ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి ఉందో లేదో చూడటానికి రియల్ టైమ్ పీసీఆర్ పరీక్ష చేస్తారు. యంత్రం ఒక్కో ఆవృత్తిలో వ్యాధికారక జన్యుపదార్థాన్ని రెట్టింపు చేస్తూ పోతుంది. ఎన్నో ఆవృత్తికి అది కంటబడితే ఆ అంకే సీటీ. మొదట్లో వైరస్ ఎక్కువుంటే తొందరగా కనిపిస్తుంది, అందుకని తక్కువ సీటీ అంటే ఎక్కువ వైరస్. రెండు నమూనాలకు సీటీ 20, 30 వచ్చాయంటే తేడా పది కాదు. పదిసార్లు రెట్టింపు, అంటే వెయ్యి ఇంతల పైచిలుకు. మూడు పాయింట్ల పైన కొంచెం తేడా ఉంటే చాలు, వైరస్ పదింతలు తేడా. యంత్రం ప్రతిసారీ సరిగ్గా రెట్టింపు చెయ్యదు గనుక ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, కానీ వరస మాత్రం అదే. రిపోర్టులో ‘పాజిటివ్, సీటీ 24’ అని రాసి ఇచ్చి ఊరుకుంటే అది సగం సమాచారం. ‘సీటీ 34 వచ్చిన నమూనాతో పోలిస్తే సుమారు వెయ్యింతలు’ అని పక్కన ఒక్క వాక్యం పడితే, రైతు కుంట నింపాలా వద్దా అని ఆలోచించే తీరే మారిపోతుంది.

లాగరిథం కొలతల వంశంలో ఒక పెద్ద అడుగు వేసిన మనిషి మన ప్రాంతానికి దూరంవాడేం కాదు. నక్షత్రాల వెలుగును అంతస్తులుగా విడదీసిన పాత పద్ధతిని 1856లో నార్మన్ పాగ్సన్ కచ్చితమైన లాగ్ కొలమానంగా మార్చాడు. ఐదు అంతస్తులు అంటే వెలుగులో నూరింతల తేడా, ఒక్క అంతస్తు అంటే రెండున్నర రెట్లు. ఆయన 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి 1891లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. బందరు అని పిలిచే మచిలీపట్నం, దివిసీమ అప్పుడు ఆ మద్రాసు రాజధానిలో భాగమే. 1935లో చార్లెస్ రిక్టర్ భూకంపాలకు కొలమానం తయారు చేస్తూ ‘మాగ్నిట్యూడ్’ అనే పేరును ఖగోళశాస్త్రం నుంచే తీసుకున్నాడు. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే విజయవాడ దాకా జనం ఇళ్ల నుంచి బయటికి వచ్చారు. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 9.1. ఆ సునామీకి కృష్ణా జిల్లా తీరంలోనూ ప్రాణాలు పోయాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే రెండోది మొదటిదానికి రెట్టింపు కూడా లేనట్టు కనిపిస్తుంది. తీవ్రత ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు. 5.3 నుంచి 9.1 దాకా లెక్క కడితే తేడా సుమారు ఐదు లక్షల రెట్లు. రెండు వార్తలూ ఒకే పత్రికలో ఒకే తీరు శీర్షికతో వచ్చినప్పుడు ఈ ఐదు లక్షల రెట్లు ఎక్కడా కనిపించవు. నాకు ఇది విచారకరంగా తోస్తుంది. అంకెను తప్పు రాయకుండానే పాఠకుడికి తప్పు అర్థం ఇచ్చినట్టవుతుంది.

ఇదంతా చదువుకున్నవాళ్ల లెక్క, రైతుకూ జాలరికీ ఎలా అర్థమవుతుంది అన్నది మొదట వినిపించే అభ్యంతరం. రొయ్యల సంతను ఒకసారి చూస్తే ఆ అభ్యంతరం నిలవదు. అక్కడ ధర ‘కౌంట్’ మీద నడుస్తుంది. కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. 100 కౌంట్ అంటే రొయ్య పది గ్రాములు, 50 అంటే ఇరవై, 30 అంటే 33 గ్రాములు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. పైగా అడుగులు సమానం కావు. 100 నుంచి 90కి దిగితే రొయ్య పెరిగింది ఒక గ్రాము చిల్లర. 40 నుంచి 30కి దిగితే ఎనిమిది గ్రాముల పైన. ఇది లాగరిథం కాదు, కానీ వంకరలో దానికి తక్కువేం కాదు. నాగాయలంక, కోడూరు రైతులు కౌంట్ మీద రోజూ బేరమాడుతున్నారు. పట్టుబడి ఇప్పుడు చెయ్యాలా, ఇంకో వారం ఆగాలా అని మనసులోనే లెక్క వేసుకుంటున్నారు. తలకిందులైన, అడుగులు సమానం కాని కొలమానం వాళ్లకు కొత్త కాదు. ప్రతి అంకె వెనుకా ఎన్ని గ్రాములో ఎవరో ఒకరు చెప్పారు గనుక అది వాళ్లకు వచ్చింది. సీటీ వెనుక ఎంత వైరస్ ఉందో అలా చెప్పినవాళ్లు లేరు.

చెవి సంగతి ఇంకా బలమైన రుజువు. మొవ్వ క్షేత్రయ్య పుట్టిన నేల, పక్కనే కూచిపూడి. అక్కడ పాడేవాడికి మధ్యస్థాయి షడ్జం 240 కంపనాలైతే తారస్థాయి షడ్జం 480, దానిపై స్థాయి 960. మొదటి అంగలో పెరిగింది 240, రెండోదానిలో 480. చెవికి రెండూ ఒకే దూరం. ఏ గురువూ శిష్యుడికి లాగరిథం నేర్పడు, కానీ శ్రుతి కలిపే ప్రతి పిల్లవాడూ రెట్లను సమాన దూరాలుగానే వింటాడు. 2008లో స్టానిస్లాస్ డెహేన్ బృందం అమెజాన్ అడవుల్లో బడిచదువు అంతగా లేని ముందురుకు తెగవారిని ఒక గీత మీద సంఖ్యలను అమర్చమని అడిగింది. ఒకటికీ పదికీ నడిమి స్థానంలో వాళ్లు ఐదుకు బదులు మూడు, నాలుగు లాంటి చిన్న సంఖ్యలను పెట్టారు. లాగ్ గీత మీద నడిమి చోటు అదే. రెట్లలో ఆలోచించడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణంలా ఉంది. దాని మీద బడి కూడికలను పేర్చింది. తిరిగి తట్టి లేపడం కష్టమైన పని కాదు.

రెండో అభ్యంతరాన్ని తేలిగ్గా తోసెయ్యలేం. లాగ్ గ్రాఫు పెద్ద సంఖ్యలను కుదించేస్తుంది కాబట్టి ఘోరాన్ని కూడా చిన్నది చేస్తుంది కదా అంటారు. ఈ తీరపు చరిత్ర పెట్టి చూస్తే ఆ మాటలో నిజం ఉంది. 1864 నవంబర్ 1 నాటి తుపానులో బందరును ఉప్పెన ముంచినప్పుడు దాదాపు 30 వేలమంది పోయారు. 1977 నవంబర్ 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెనలో సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లుగానే తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కే పది వేలకు దగ్గర, జనం లెక్క అంతకు చాలా ఎక్కువ. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను బలంలో 1977 దానికి తీసిపోనిది. మృతులు వెయ్యికి కొంచెం లోపు. లాగ్ గ్రాఫు మీద ఈ మూడు చుక్కలూ 4.5, 4, 3 దగ్గర పడతాయి. ఇరవై వేల ప్రాణాల తేడా అర మెట్టుగా, తొమ్మిది వేల తేడా నిండు మెట్టుగా కనిపిస్తుంది. ఒక తల్లికి పోయిన బిడ్డ, ముప్పై వేలలో ఒకడైనా వెయ్యిలో ఒకడైనా నిండు బిడ్డే. ప్రాణనష్టాన్ని చెప్పాల్సిన చోట లాగ్ వాడకూడదు, సంఖ్యను సంఖ్యగానే చెప్పాలి.

కానీ అదే గ్రాఫు వేరే ప్రశ్నకు సరైన జవాబు ఇస్తుంది. 1977కీ 1990కీ మధ్య ఏం మారింది? ముందస్తు హెచ్చరికలు బలపడ్డాయి, లక్షల మందిని ముందే లోపలి ఊళ్లకు తరలించారు. అలాంటి ఏర్పాటు ప్రతి తుపానులోనూ ఇంతమందినే కాపాడుతుందని చెప్పలేం. పోవాల్సిన ప్రాణాల్లో ఇంత భాగాన్ని కాపాడుతుందనే చెప్పగలం. ఏర్పాటు వంతుల్లో పనిచేస్తుంది కాబట్టి దాని సామర్థ్యం లాగ్ గ్రాఫు మీదే తేటపడుతుంది. అక్కడ ఆ రెండో మెట్టు మొదటిదానికన్నా పెద్దదిగా కనిపించడం తప్పేం కాదు. తుపానులు, జనాభా, ఇళ్ల కట్టడం ఒకేలా లేవు కాబట్టి మొత్తం ఘనత హెచ్చరికలకే కట్టబెట్టకూడదన్నది కూడా నిజమే. అయినా పదో వంతుకు తగ్గిన మరణాల వెనుక తరలింపు పాత్రను కాదనగలిగేవాళ్లు ఎవరూ ఉండరు. నష్టానికి మామూలు గ్రాఫు, నివారణకు లాగ్ గ్రాఫు. రెండింటిలో ఒకటే చూపినవాడు సగమే చూపినట్టు.

మూడో అభ్యంతరం శాస్త్రజ్ఞులదే. లాగ్ కాగితం మీద గీసిన ప్రతిదీ సరళరేఖలా కనిపిస్తుంది, కాబట్టి దాన్ని నమ్మడం ప్రమాదం అంటారు. చేపల మేత దీనికి మంచి ఉదాహరణ. 1932లో మాక్స్ క్లైబర్ జంతువుల శరీరం పెరిగినంతగా అవి ఖర్చుచేసే శక్తి పెరగదని చూపాడు. చేపల్లో బరువు పదింతలైతే శక్తి అవసరం సుమారు ఆరింతలే అవుతుంది. అందుకే శీలావతి, బొచ్చె పిల్లలకు బరువులో ఎక్కువ శాతం మేత వేసి, పెరిగేకొద్దీ శాతం తగ్గిస్తూ పోతారు. ఈ లెక్కన వంద గ్రాముల చేపకు బరువులో నాలుగు శాతం చాలితే, కేజీ చేపకు రెండున్నర శాతం చాలాలి. సాగు ఖర్చులో సగానికి పైన మేతదే గనుక ఈ తేడాకు డబ్బు విలువ ఉంది. అయితే క్లైబర్ సూత్రంలో ఘాతం మూడింట రెండా, నాలుగింట మూడా అన్న వాదన దశాబ్దాల పాటు తెగలేదు. లాగ్ కాగితం మీద రెండు గీతలూ చుక్కలకు దగ్గరగానే పోతాయి. గీతకు వెంట్రుకవాసి దూరంలో కనిపించే చుక్క నిజానికి ఒకటిన్నర రెట్లు తప్పై ఉండవచ్చు. ఈ విమర్శను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. వరస ఎటు పోతోందో తెలుసుకోవడానికి లాగ్ కాగితం చాలు. మేత బస్తాలు కొనేటప్పుడు మాత్రం మామూలు అంకెలోకి దిగి, చెరువులో చేప తింటున్న తీరును చూసే తేల్చుకోవాలి.

కృష్ణ వరదల దగ్గర ఈ రెండు కొలతలూ ఎదురెదురుపడతాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 2009 అక్టోబరులో 11.10 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. క్యూసెక్కు కూడికల కొలత, దాన్ని అలాగే చదవాలి. రెండో వరద మొదటిదానికన్నా మూడు శాతం ఎక్కువ, అంతే. ‘నూరేళ్లకోసారి వచ్చే వరద’ అన్నప్పుడు మాత్రం లెక్క మారిపోతుంది. ఒకసారి వస్తే మళ్లీ నూరేళ్ల దాకా రాదని దాని అర్థం కాదు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని అర్థం. ముప్పై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు ఒక్కసారైనా రావడానికి అవకాశం 26 శాతం. ఇరవయ్యో శతాబ్దంలో ఎమిల్ గుంబెల్ అనే గణిత శాస్త్రజ్ఞుడు అభివృద్ధి చేసిన పద్ధతిలో ప్రవాహాన్ని మామూలు అక్షం మీద, ఏళ్లను లాగ్ అక్షం మీద వేస్తే పెద్ద వరదలు ఇంచుమించు ఒక సరళరేఖ మీద పడతాయి. పదేళ్ల వరదకూ నూరేళ్ల వరదకూ మధ్య ఎంత తేడా ఉంటుందో, నూరేళ్ల దానికీ వెయ్యేళ్ల దానికీ మధ్య దాదాపు అంతే తేడా ఉంటుంది. అంటే కట్టను ఒక నిర్ణీత ఎత్తు పెంచిన ప్రతిసారీ భద్రత పదింతలవుతుంది.

అదే గీతను సముద్రం వైపు తిప్పి చదివితే దివిసీమకు సంబంధించిన అసలు సంగతి బయటపడుతుంది. నీటిమట్టం ఆ నిర్ణీత ఎత్తు పెరిగితే కట్ట దాటే ఘటనలు పదింతలవుతాయి. అందులో సగం పెరిగినా మూడింతలు. సముద్రం ఎక్కేది కూడికలో, దెబ్బ వచ్చేది గుణకారంలో. నూరేళ్లకోసారి వచ్చే సముద్రమట్టాలు 2050 కల్లా చాలా చోట్ల, ముఖ్యంగా ఉష్ణమండల తీరాల్లో, ఏడాదికోసారి కనిపించవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2019 నివేదిక చెప్పింది. ఆ మాట విని దివిసీమలో 1977 ఏటేటా వస్తుందని ఎవరూ హడలిపోనక్కర్లేదు, ఎందుకంటే ఆ నిర్ణీత ఎత్తు అన్నిటికీ ఒకటి కాదు. తుపాను ఉప్పెనల ఎత్తుల్లో తేడాలు మీటర్లలో ఉంటాయి, కాబట్టి అక్కడ ఆ నిర్ణీత ఎత్తు, అంటే ఒక మెట్టు, పెద్దది; జానెడు సముద్రం పెరిగితే వాటి తరచుదనం మీద పడే ప్రభావం పరిమితం. అమావాస్యకూ పున్నమికీ వచ్చే మామూలు పోటులో ఏటా తేడాలు చిన్నవి, కాబట్టి అక్కడ మెట్టు చిన్నది. అదే జానెడు అక్కడ ఎన్నో రెట్లవుతుంది. పెనుతుపానుకన్నా ముందు లెక్క మారేది నాగాయలంక, కోడూరు అంచుల్లో, డ్రెయిన్ల గుండా ఉప్పునీరు పొలంలోకి ఎగదన్నే రోజుల సంఖ్యలో. కాబట్టి సముద్ర కరకట్టకు అంచనా తయారు చేసేటప్పుడు ఎత్తు ఒక్కటే రాసి ఊరుకోకుండా, ఆ ఎత్తుకు ఉప్పెన ఎన్నేళ్లకోసారి దాటుతుందో, మామూలు పోటు ఏడాదికి ఎన్నిసార్లు దాటుతుందో వేర్వేరు వరుసల్లో రాయాలి. జానెడు పెరిగాక ఆ రెండు అంకెలూ ఎన్నెన్ని రెట్లవుతాయో వాటి కిందే రాయాలి.